తుమ్మచేవ బంతి

క్లబ్బు వరండాలో ఉన్న ఇత్తడి తమ్మపడిగ కడగడం కూడా నా పనే. ఏళ్ళ తరబడి కడుగుతున్నాను, ఇప్పటికీ ఊపిరి బిగబట్టకుండా కడగలేను. ప్లీడర్లు, కాంట్రాక్టర్లు, రైసుమిల్లుల వాళ్ళు, వచ్చేదంతా పెద్దమనుషులే. మూరెడు దూరంలో ఉన్న తమ్మపడిగలో ఉమ్మడానికి ఒక్కరికీ గురి కుదరదు. సగం లోపల, సగం గోడ మీద. అలాంటివాళ్ళు అరవై అడుగుల బల్ల మీద బంతి దొర్లించి అవతలి చివరనున్న తొమ్మిది పిన్నులు పడగొడతామని చొక్కా చేతులు మడుస్తుంటే ఎవరికైనా నవ్వు రావాలి. నాకు రాదు, అసహ్యం వేస్తుంది.

నా పేరు నతానియేలు. బందరులో దొరల కాలంనాటి ఓ క్లబ్బులో మార్కర్ని. క్లబ్బు వెనక రేకుల షెడ్డులో బౌలింగు బల్ల ఉంది. రేవుకి ఓడలొచ్చే రోజుల్లో ఇంగ్లీషు దొరలు వేయించుకున్నది. బల్ల అంటే పొడుగాటి టేకు చెక్కలు పక్కపక్కన బిగించిన నున్నటి దారి. దానికి అటూ ఇటూ జానెడు లోతు కాలువలు. ఈ చివర మెంబర్లు నిలబడి చిన్న గుమ్మడికాయంత కర్రబంతిని దొర్లిస్తారు. ఆ చివర నేనుంటాను. సీసాల్లా నిలబెట్టిన కర్రపిన్నులు ఎన్ని పడ్డాయో కేకేసి చెప్పి, మళ్ళీ నిలబెట్టి, బంతిని పక్కనే ఏటవాలుగా ఉన్న దోనెలోంచి వెనక్కి పంపుతాను. బంతి కాలువలో పడితే సున్నా. ఇంతే ఆట. ఇందులో అంత గొప్పేముందో నాకు ఇప్పటికీ బోధపడలేదు గాని, గుడివాడ నుంచి కూడా కార్లేసుకుని వచ్చి ఆడేవారు.

డెబ్బై ఏడులో ఉప్పెన వచ్చినప్పుడు షెడ్డులో మొలలోతు ఉప్పునీళ్ళు మూడు రోజులు నిలిచాయి. నీళ్ళు పోయాక చూస్తే చెక్కలు ఉబ్బి పైకి లేచాయి. వాటి కింద పందికొక్కులు చచ్చిపడి ఉన్నాయి. వాన పడితే ఆ కంపు ఇప్పటికీ వస్తుంది. దివిసీమలో మనుషులకి తలదాచుకోను గుడిసె లేని రోజుల్లో ఈ పెద్దమనుషులు మీటింగు పెట్టుకుని చేసిన మొట్టమొదటి తీర్మానం బౌలింగు బల్ల బాగుచేయించాలని. ఆ పని మెంబరే అయిన కాంట్రాక్టరు కొండలరావు గారు తీసుకున్నారు. మెత్తటి ఒండ్రుమట్టి మీద దిమ్మిస కొట్టించి గట్టిపరచకుండానే దూలాలు పరిచి, పైన చెక్కలు బిగించేశారు. నాలుగు నెలలు తిరక్కుండానే గోడవైపు దూలాలు రెండు వేళ్ళ మందాన కిందికి దిగిపోయాయి. కంటికి కనపడదు. బంతికి మాత్రం తెలిసిపోతుంది. ఇటు నుంచి తిన్నగా వదిలిన బంతి సగం దూరం పోయాక మెల్లగా ఎడమకి మళ్ళి గోడవైపు కాలువలో పడుతుంది.

నేను గమనించి కొండలరావు గారికే చెప్పాను. ఆయన నన్ను బయటికి తీసుకెళ్ళి చాలా ప్రేమగా అడిగాడు.

"మీ అక్కా పిల్లలూ ఆ గదిలో ఇరుగ్గా ఉన్నారేమిటోయ్?"

మా అక్క రాజమ్మది నాగాయలంక దగ్గర పల్లె. ఉప్పెనలో ఇల్లూ పోయింది, మొగుడూ పోయాడు. ముగ్గురు పిల్లల్ని వెంటేసుకుని నా దగ్గరికి వచ్చింది. షెడ్డు పక్కన పాత సామాన్ల గది ఖాళీ చేయించి మాకు ఇప్పించింది కొండలరావు గారే. ఆ సంగతి నేను మర్చిపోయానేమోనని ఆయన గుర్తుచేస్తున్నాడు.

"లేదండి, సరిపోయింది" అన్నాను.

"మరి బల్ల?"

"బల్ల కూడా బాగానే ఉందండి."

అక్కడితో ఊరుకున్నా కొంత మర్యాదగా ఉండేది. నేను ఊరుకోలేదు. మెంబర్లు నిలబడే చోట, నడిమధ్య నుంచి కాస్త కుడికి, సుద్దతో ఓ చుక్క పెట్టాను. "ఇక్కణ్ణించి వెయ్యండి సార్, మీ చేతివాటానికి బాగా కుదురుద్ది" అని ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పాను. దొరలనాటి పాత బంతి ఒక పక్కన అరిగి కుడికి లాగేది. ఆ అరిగిన పక్క ఎటుండాలో చూసి మరీ వాళ్ళ చేతికి అందించేవాణ్ణి. వంకర బల్లా, వంకర బంతీ కలిసి పిన్నులు పడుతుండేవి. ఉప్పెన తర్వాత తన ఆట మెరుగుపడిందని సెక్రటరీ గోవర్ధనరావు గారు నాతోనే అన్నారు. ఆయన పేరున్న ప్లీడరు. నేను పళ్ళికిలించి, అవునండి అన్నాను.

డెబ్బై తొమ్మిది మొదట్లో ఆ పాత బంతి నిలువునా పగిలింది. కొత్తది ఎక్కడ దొరుకుతుందని గోవర్ధనరావు గారు అడిగితే, ఇనగుదురుపేటలో గౌస్ గారని ఉన్నారు, కర్ర పనిలో ఆయన్ని మించినవాళ్ళు బందరులో లేరు అని చెప్పింది నేనే.

గౌస్‌ని నేను మావయ్యా అంటాను, ఆయన నన్ను అల్లుడూ అంటాడు. అరవై దాటాయి. ఇంటి వసారాలోనే కర్ర లేతు. కరెంటూ గిరెంటూ లేదు. రెండు ఇనప మొనల మధ్య కర్ర బిగించి, దానికి తాడు చుట్టి, ఆయన భార్య ఖైరున్ బీ ఎదురుగా కూర్చుని అటూ ఇటూ లాగుతుంటే కర్ర తిరుగుతుంది. ఆయన ఉలి ఆనిస్తాడు. ముప్పై ఏళ్ళుగా ఆమె తాడు లాగుతోంది, ఆయన మంచంకోళ్ళూ చపాతీకర్రలూ తీస్తున్నాడు. మిగతా పనివాళ్ళు గుండ్రం సరిచూసుకోవడానికి రేకు కొలతలు పెట్టుకుంటారు. గౌస్ మావయ్య ఏనాడూ పెట్టుకోలేదు. కళ్ళు మూసుకుని అరచేత్తో తడిమి చూస్తాడు, అంతే.

ఆ చెయ్యి మీదే ఉప్పెన రోజు ఇంటివాసం పడింది. కుడి మణికట్టు విరిగింది. నాటుకట్టు కట్టించుకుంటే ఎముక అతుక్కుంది గాని ఏడాది దాటినా ఆయన ఉలి పట్టలేదు. గుడివాడలో ఎవరో కర్రల వ్యాపారి లేతు తనకిచ్చెయ్యమని కబుర్ల మీద కబుర్లు పంపుతున్నాడు. నేను బంతి సంగతి చెప్పినప్పుడు మావయ్య తన మణికట్టు వంక చూసుకున్నాడు.

"చెయ్యి అతుక్కుంది అల్లుడూ. కానీ అది నా చెయ్యో కాదో నాకే తెలీట్లేదు. మంచంకోడు కాస్త తేడా వచ్చినా మంచం నిలబడుద్ది, మనిషి పడుకుంటాడు. బంతి అలా కాదు. ఏ కాస్త తేడా ఉన్నా అరవై అడుగుల్లో బయటపడిపోద్ది. సరే, చేస్తాను. తిన్నగా దొర్లిందా, రేపట్నించే పని మొదలెడతాను. దొర్లలేదా, గుడివాడాయన్ని రమ్మని లేతు ఇచ్చేస్తాను. ఇంక మళ్ళీ ఉలి ముట్టుకోను."

ఆ బల్ల మీద మాత్రం పరీక్ష పెట్టుకోకు మావయ్యా అని అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. సుద్దచుక్క ఇంకో బెత్తెడు కుడికి జరిపితే చాలు, అంతా సర్దుకుంటుందనుకున్నాను. నా బుర్రకి సర్దుబాట్లు తప్ప ఇంకేమీ తోచకుండా పోయి చాలాకాలమైంది.

బండిచక్రం మధ్యలో ఇరుసు దూరే కుండ కోసం అట్టేపెట్టుకున్న నల్లతుమ్మ మొద్దు ఒకటి ఆయన దగ్గరుంది. మూడేళ్ళు ఎండిన చేవ. తొమ్మిది రోజులు చేశాడు. నేను రోజూ సాయంత్రం వెళ్ళి కూర్చునేవాణ్ణి. నాలుగు లాగులు లాగగానే ఆపమని చెయ్యెత్తేవాడు, తడిమేవాడు, మళ్ళీ లాగమనేవాడు. ఖైరున్ బీ విసుక్కోకుండా లాగింది. చివరి రోజు ఆమె బంతికి బొగ్గుతో చుక్క పెట్టి బానలో నీళ్ళ మీద వదిలింది. తిప్పి వదిలినప్పుడల్లా చుక్క ఓసారి పైన, ఓసారి పక్కన తేలింది. ఒక పక్క బరువైతే ఎప్పుడూ ఆ పక్కే కిందికి పోయేదట.

"బరువు సమంగానే ఉంది" అంది ఆమె.

"బరువు సరే, గుండ్రం సంగతి నీళ్ళకేం తెలుసు?" అన్నాడు మావయ్య.

"అయితే పక్కింటివాళ్ళ కొలత రేకు తెచ్చి చూడరాదూ?"

"రేకు చెప్తే నేను నమ్మాలా? నా చెయ్యి చెప్పాలి. అది చెప్పలేకపోతే బల్ల చెప్పుద్ది."

బంతి నా చేతిలో పెట్టాడు. ఇరవై రెండేళ్ళు బంతులెత్తినవాణ్ణి, పట్టుకోగానే తెలిసింది. దొరలు ఓడలో తెప్పించుకున్నది కూడా ఇంత నిఖార్సుగా ఉండేది కాదు. ఆ మాటే చెప్పాను. "నువ్వు నా అల్లుడివి, అలాగే అంటావులే" అని నవ్వేశాడు.

శనివారం సాయంత్రం ఐదింటికి పరీక్ష పెట్టారు. గోవర్ధనరావు గారూ, కొండలరావు గారూ, మరో ఐదారుగురూ కిళ్ళీలు నములుతూ వచ్చారు. గౌస్ మావయ్య ఉతికిన లాల్చీ, తెల్లటోపీ వేసుకుని బంతిని తువ్వాల్లో చుట్టి తెచ్చాడు. మెంబరు కానివాడు బల్ల మీద అడుగు పెట్టకూడదని రూలు. ఆయన్ని గోడకి ఎదుటివైపున్న పక్కగుమ్మం దగ్గర, కింద నేల మీద నిలబెట్టారు. కుర్చీ వెయ్యాలని ఒక్కడికీ తోచలేదు. నాకు తోచింది, వెయ్యలేదు.

గోవర్ధనరావు గారు బంతి తీసుకున్నారు. నేను చూపించిన సుద్దచుక్క దగ్గరికి రాబోయి ఆగారు.

"కొత్త బంతి కదా, నడిమధ్య నుంచి వేసి చూడాలి. పరీక్షంటే పరీక్షే" అన్నారు.

నడిమధ్య నుంచి వేశారు. సగం దూరం దారంపట్టి గీసినట్టు వచ్చిన బంతి అక్కణ్ణించి ఎడమకి మళ్ళి గోడవైపు కాలువలో పడింది. మళ్ళీ వేశారు, మళ్ళీ కాలువే. ఇంకొకాయన వేశాడు. చివరికి కొండలరావు గారు కోటు విప్పి వేశారు. ఏ పిన్నూ కదల్లేదు.

"బంతి పనికిరాదయ్యా. వంకరుంది" అన్నారు గోవర్ధనరావు గారు.

మావయ్య మొహంలో నెత్తురు లేదు. కానీ మాట నిబ్బరంగానే వచ్చింది. "అయ్యా, తప్పుగా అనుకోవద్దు. వాటం బల్లలో ఉందేమో ఒకసారి చూడండి."

షెడ్డులో అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది కొండలరావు గారు. "ఏడాదిగా మేమంతా ఈ బల్ల మీదే ఆడుతున్నాం సాయిబూ. అప్పుడు లేని వాటం నీ బంతి రాగానే పుట్టుకొచ్చిందా? నీ చెయ్యి పాడైపోతే బల్లేం చేస్తుంది?"

అవునవును అన్నారు మిగతావాళ్ళు. వాళ్ళకేం తెలుసు. సుద్దచుక్క మీద నిలబడి ఏడాది పాటు వంకరగా వేసి, తిన్నగా వేస్తున్నామనుకున్నవాళ్ళు. వాళ్ళని అలా తయారుచేసింది నేను.

మావయ్య వెనక్కి తగ్గలేదు. "అటు చివర్నించి ఒకసారి ఇటు వేయించండయ్యా. తేడా బల్లలో ఉంటే, అటు నుంచి వేసినా బంతి ఆ గోడవైపే పోద్ది. తేడా నా బంతిలో ఉంటే, వేసినవాడి ఎడమకే తిరుగుద్ది. అంటే గోడవైపుకి కాదు, ఇదిగో నేను నిలబడ్డవైపుకి రావాలి. అటు నతానియేలున్నాడుగా, అతనే వెయ్యనివ్వండి. అతను తేడా చెయ్యడు."

గోవర్ధనరావు గారికి ఈ మాట కోర్టులో వాదనలా నచ్చింది. "బాగుందయ్యా. అలాగే కానివ్వు" అన్నారు.

బంతి నా చేతిలో ఉంది. నేను చేయాల్సిందల్లా దాన్ని ఊరికే వదలడం. వదిలితే అది గోడవైపు పోతుంది, బల్ల సంగతి అందరికీ తెలిసిపోతుంది, మావయ్య రేపట్నించి ఉలి పడతాడు. తలెత్తి చూస్తే కొండలరావు గారు బంతి వంక చూడటం లేదు. కిటికీలోంచి మా గదివైపు చూస్తున్నారు. అక్కడ మా అక్క తాటాకు చాప మీద ఎండిన వడియాలు తీస్తోంది. చిన్నపిల్ల గొడుగు పట్టుకుని కాకుల్ని తోలుతోంది. ఆయన తీరిగ్గా వాళ్ళిద్దర్నీ చూసి, తర్వాత నన్ను చూశారు.

నేను వంగి బంతి వేశాను. వేస్తూ వేస్తూ మణికట్టు ఒక్క పిసరు తిప్పాను. ఇరవై రెండేళ్ళ చెయ్యి, ఎంత తిప్పాలో దానికి తెలుసు. చూసేవాడికి కనపడదు. బంతి నడిమధ్యన చాలా దూరం పోయి, అక్కణ్ణించి గోడకి ఎదురువైపుకి తిరిగి, గౌస్ మావయ్య కాళ్ళ ముందున్న కాలువలో దబ్బుమని పడింది.

"అదీ సంగతి" అన్నారు కొండలరావు గారు.

మావయ్య వంగి బంతిని తీసుకున్నాడు. కళ్ళు మూసుకుని అరచేత్తో చుట్టూ తడిమాడు. ఒకసారి కాదు, మూడు నాలుగుసార్లు. ఏం తెలుసుకున్నాడో ఏమో, తువ్వాల్లో చుట్టుకుని అందరికీ సలాం చెప్పి వెళ్ళిపోయాడు. మెంబర్లు పేకాటకి లేచారు. పోతూ పోతూ ఒకాయన కాలువలో ఉమ్మాడు. కొండలరావు గారు వెనక ఆగి నాకో సిగరెట్టు ఇచ్చారు. అది మొహాన కొట్టి ఉంటే ఈ కథ చెప్పడానికి నాకు కొంచెం మొహముండేది. తీసుకున్నాను. అగ్గిపెట్టె అడిగి మరీ కాల్చాను.

ఆ సాయంత్రం నుంచి నా కుడిచెయ్యి నాకు రోత పుట్టింది. అక్క కొరమీను పులుసు పెట్టింది. ఆ చేత్తో రెండు ముద్దలు కలిపి, కంచం తోసేసి లేచిపోయాను. ఆదివారం పొద్దున చర్చికి బయల్దేరి, గేటు దాకా వెళ్ళి, లోపలికి పోబుద్ధికాక ఇనగుదురుపేటవైపు నడిచాను.

వసారాలో లేతు విప్పేసి ఉంది. ఇనప మొనలు రెండూ గోనెసంచిలో, తాడు చుట్ట చుట్టి పక్కన. రాత్రే కబురు పంపామని, గుడివాడాయన పదిన్నర బస్సుకి వస్తున్నాడని చెప్పింది ఖైరున్ బీ. గ్లాసులో టీ పోసి ఇచ్చింది. మావయ్య చాప మీద కూర్చుని పళ్ళు కుట్టుకుంటున్నాడు, ఏమీ జరగనట్టే.

మొత్తం చెప్పేశాను. దూలాలు దిగడం, సుద్దచుక్క, పాత బంతి అరుగుదల, గది, కొండలరావు చూపు, నేను మణికట్టు తిప్పడం, ఏదీ దాచలేదు. బంతిలో ఏ తేడా లేదు, నీ చెయ్యి నిక్షేపంలా ఉంది, లేతు ఇవ్వొద్దు అని బతిమాలాను.

మావయ్య సాంతం విని, చిన్నగా నవ్వి భార్యవైపు తిరిగాడు. "చూశావా, నా మనసు కష్టపడుతుందని మా అల్లుడు తెల్లారేలోగా ఎంత కథ అల్లుకొచ్చాడో."

"కథ కాదు మావయ్యా."

"మరైతే ఎలా తిప్పావో చూపించు."

బంతి మూలన ఉంది. తీసుకుని మట్టినేల మీద వేసి చూపించబోయాను. నిన్నటిలాగే మణికట్టు తిప్పాను. బంతి నాలుగడుగులు ఎటో దొర్లి గోనెసంచికి తగిలి ఆగిపోయింది. మళ్ళీ వేశాను. మళ్ళీ అంతే.

"నీకు చేతకాదు అల్లుడూ, అబద్ధం నీ చేతికి రాదు. నాకు తెలుసు" అన్నాడాయన, ఎంతో ఆప్యాయంగా.

ఖైరున్ బీ నవ్వలేదు. నా ఎదురుగా వచ్చి నిలబడింది. "నువ్వు చెప్పింది నిజమైతే ఇప్పుడే పద. మేమిద్దరం కూడా వస్తాం. నిన్న అక్కడున్నవాళ్ళందరి ముందూ ఇదే మాట చెప్పు."

నాకు వడియాల చాప కనిపించింది. గొడుగు పట్టుకున్న పిల్ల కనిపించింది. కింద పెట్టిన టీ గ్లాసు తీసుకుని ఓ గుక్క తాగాను.

"చూశావా, కథే" అన్నాడు మావయ్య.

ఆమె నా చేతిలో ఉన్న టీ గ్లాసు తీసుకుంది. నేనింకా సగమే తాగాను. మిగిలింది వాకిట్లో పారబోసి, గ్లాసుని కడగడానికి పెట్టలేదు, చెత్తబుట్టలోకి విసిరేసింది. "ఇంకెప్పుడూ మా గుమ్మం తొక్కకు" అంది.

"ఇంటికొచ్చినవాడితో అదేం మాటే? వాడు నన్ను ఓదార్చడానికి వస్తే" అని ఆయన ఆమెని కసిరాడు. నాకు సర్దిచెప్పడానికి మెయిన్‌రోడ్డు దాకా తనే తోడొచ్చాడు. ఖైరున్ మనసు బాగాలేదని, ముప్పై ఏళ్ళు లాగిన తాడు ఇంక లాగక్కర్లేదంటే ఆమెకి తిక్కరేగిందని, నేనేమీ మనసులో పెట్టుకోవద్దని చెబుతూ నడిచాడు. కుడిచెయ్యి నా భుజం మీద వేశాడు. ఎక్కడా వణుకు లేదు, ఎంత బరువు ఆనించాలో అంతే ఆనించాడు. నేను ఆ చెయ్యి కింద తల వంచుకుని నడిచాను.

గుడివాడ బస్సు వచ్చి ఆగింది. సంచి పట్టుకుని దిగినాయన నేరుగా మా దగ్గరికే వచ్చి, లేతు అమ్ముతున్న గౌస్ గారి ఇల్లు ఎటని అడిగాడు. మావయ్య నా భుజం మీది చెయ్యి తీసి, "నేనేనండి, రండి" అని ఆయన్ని వెంటబెట్టుకుని వెనక్కి వెళ్ళాడు.